తాటిచెట్టంత మనిషి: అపోహలు – వాస్తవాలు

అనంతపురం పల్లెల్లో పాత మట్టిమిద్దెల వాకిళ్లు పొట్టివి. ఆరున్నర అడుగుల మనిషి గడప దాటిన ప్రతిసారీ నడుము వంచాలి. ఒక్కసారి మరిచిపోతే ద్వారబంధం నుదుటికి తగులుతుంది. ఊరు మాత్రం అతని బాధ చూడదు. "నీకేంరా, తాటిచెట్టంత ఉండావు, ఆ మూట నువ్వే ఎత్తు" అంటుంది.

అపోహ: పొడుగుంటే బలమున్నట్టే.

ఎత్తు వేరు, బలం వేరు. ఒడ్డూ పొడుగూ ఒకే తీరున పెరిగి ఎత్తు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. దాన్ని మోసే ఎముక వైశాల్యం మాత్రం, అడ్డంగా కోసి చూస్తే, నాలుగు రెట్లే. గడ్డివామి వేసేటప్పుడు, లారీ మీదికి మూట అందించేటప్పుడు పొడుగు చేతులు నిజంగా అక్కరకొస్తాయి. శనక్కాయ పెరికేటప్పుడు అవే శత్రువులు. చెట్టు అందరికీ నేలమట్టానే ఉంటుంది, అతను మాత్రం ఇంకా కిందికి వంగాలి. పొడుగు మొండెం బరువంతా నడుము మీద పడుతుంది. పార పనిలోనూ ఇదే బాధ. పిడి జానెడు ఎక్కువ పొడుగు వేయించండి, ఆ నడుము నిలుస్తుంది.

2025లో హైదరాబాద్‌లో దాదాపు ఏడడుగుల బస్సు కండక్టర్ సంగతి పత్రికల్లో వచ్చింది. బస్సు పైకప్పు అతనికంటే పొట్టి. డ్యూటీ అంతా మెడ వంచి నిలబడి మెడనొప్పి, వెన్నునొప్పి తెచ్చుకున్నాడు. సంస్థలోనే వేరే పని చూడమని ముఖ్యమంత్రి స్థాయిలో చెప్పాల్సి వచ్చింది.

అపోహ: పొడుగంతా వంశమే.

కడుపు నిండే చోట చాలావరకు నిజమే. అయితే ఇరాన్ మగవాళ్ల సగటు ఎత్తు నూరేళ్లలో 16 సెంటీమీటర్లకు పైగా పెరిగింది. నూరేళ్లలో వంశాలు మారిపోవు, తిండి మారుతుంది, రోగాలు తగ్గుతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మన అనంతపురంలో, కరువు ఏట పుట్టిన బిడ్డకు తొలి రెండేళ్లలో తక్కువైన తిండి ఎత్తులో కనబడుతుంది. దానికి తాతముత్తాతలను అనడం అన్యాయం.

అపోహ: పొడుగువాళ్లకు గుండెజబ్బు రాదు.

గుండె రక్తనాళాలు పూడుకుపోయే ముప్పు వాళ్లకు కొంత తక్కువే. గుండె లయ తప్పడం, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం ఎక్కువ.

అపోహ: ఎంత ఎదిగితే అంత అదృష్టం.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే. 272 సెంటీమీటర్లు పెరిగిన అమెరికావాసి రాబర్ట్ వాడ్లో 1940లో 22 ఏళ్లకే చనిపోయాడు. పాదాల్లో స్పర్శ సరిగా లేక, కాలికి కట్టిన ఆసరా పట్టీ ఒరిసి పుండైనా తెలియలేదు. అది చీము పట్టి ప్రాణం తీసింది. ఆ ఎదుగుదలకు మూలం మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి.

మనం మెచ్చుకోలుగా వాడే 'ఆజానుబాహుడు' అంటే చేతులు మోకాళ్ల దాకా వచ్చేవాడు. చాచిన చేతుల నిడివి ఎత్తును బాగా మించి, వేళ్లు సన్నగా సాగి ఉంటే మార్ఫన్ జబ్బేమో చూపించాలి. అందులో గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని గోడ బలహీనపడుతుంది. ఎకో పరీక్షలో ముందే తెలుస్తుంది.

అపోహ: పొడుగోడికి బుద్ధి మోకాళ్లలో.

బడిలో పొడుగు పిల్లాడిని వెనక బెంచీకి పంపుతారు. అతని పొడుగుకు కారణం పిట్యూటరీలో పెరిగిన గడ్డే అయితే, అది కంటినరాన్ని నొక్కితే చూపు పక్కల నుంచి తగ్గుతుంది. బోర్డు సరిగా కనబడదు, తలనొప్పి, పాఠం అందదు. అందరూ ఆ సామెతే అంటారు. ఏడాదిలో రెండుసార్లు చెప్పులు పొట్టివవుతున్న పిల్లాడు తలనొప్పంటే, ముందు అతని కళ్లు చూపించండి.