పప్పుడకని నీరు

పప్పుడకదు, సబ్బు నురుగీయదు, కాచిన పాత్ర యడుగున తెల్లని పొర గట్టును. బోరుబావుల నాశ్రయించిన మన యిండ్లలో నిది నిత్యానుభవము. గృహస్థు బజారునకు పోయి విక్రేత చూపిన యంత్రమును కొని తెచ్చుచున్నాఁడు. రోగనిర్ణయము లేని యౌషధసేవ యిట్టిదే.

నేలలోని శిలలనుండి నీట కరగిన కాల్షియము, మెగ్నీషియము లవణములే కాఠిన్యమునకు కారణము. త్రాగునీట నిది లీటరునకు 200 మిల్లీగ్రాములు మించరాదనియు, వేఱు జలాధారము లేనిచో 600 వఱకు సహింపవచ్చుననియు భారత ప్రమాణసంస్థ నిర్ణయించినది. దీనివలన పాత్రలకును గొట్టములకును చేటే కాని ప్రాణభయము లేదు. బైకార్బొనేటుల వలని కాఠిన్యము కాచినంత తగ్గును. సల్ఫేటుల, క్లోరైడుల వలనిది తగ్గదు.

నిజమైన శత్రువు ఫ్లోరైడు. అది రుచికి తెలియదు, కంటికి కనబడదు. 1937లోనే నాఁటి నెల్లూరు మండలమున దీని వలని వ్యాధిని వైద్యులు గుర్తించిరి. నల్లగొండ పల్లెలలో నెందఱో వంగిన యెముకలతో జీవితము గడపిరి. దీని మితి లీటరునకు 1 మిల్లీగ్రాము. గత్యంతరము లేనిచో 1.5. కాచుటచే నిది పోదు. నీరావిరియైన కొలది చిక్కనగును.

ఇఁక యంత్రముల మాట. ఉప్పుతో పనిచేయు సాఫ్టనరు కాల్షియమును, మెగ్నీషియమును గ్రహించి సోడియము నిచ్చును. స్నానమునకు, బట్టలకు నది చాలును. కాని ఫ్లోరైడును తొలగింపదు. ఉప్పు తగ్గింపవలసినవారు వైద్యు నడుగక యా నీటిని త్రాగరాదు. ఆర్‌.ఓ. యంత్రము రెంటిని తగ్గించును గాని బిందెడు మంచినీటికి తఱచు రెండు మూఁడు బిందెలు పాఱవేయును. కావున దానిని త్రాగుటకు, వంటకు మాత్రమే యుంచి, విడిచిన నీటిని నేల కడుగుటకు వాడవలెను.

కొనుటకు ముందు సీసాడు నీటిని ప్రయోగశాలకు పంపుఁడు. కాఠిన్యము, ఫ్లోరైడు, కరగిన లవణముల మొత్తము, సూక్ష్మజీవులు: ఈ నాల్గింటిని పరీక్షింపుఁడని కోరుఁడు. గ్రామీణ నీటిసరఫరా శాఖకు నట్టి ప్రయోగశాలలు కలవు.

ఫలితము వచ్చిన పిదప దానిని పెట్టెలో దాఁచకుఁడు. యంత్రము కొనలేని మీ పాలేరును, పొరుగువాఁడును ఆ నేల నీటినే త్రాగుచున్నారు. ఆ కాగితమును పంచాయతీ గోడకు అంటింపుఁడు; చెడు నీరని తేలినచో ఊరందఱికి మంచినీరు కావలెనని యడుగుటకు వారితో కలిసి నడువుఁడు.