హంపీ యాత్రా సన్నాహము

సంక్రాంతి సెలవులలో హంపీకి పోయి విజయనగరమును చూచి రావలెనని మేము సంకల్పించితిమి. ఒక్కపూటలో విరూపాక్షుని సేవించి మరలుదమని మా యింటివారి మాట. రెండు దినములైనను ఉండవలెనని మా పట్టు. 1565వ సంవత్సరమున పాడువడిన అంతటి రాజధానిని పరుగున చూచుటయు ఒక చూచుటయేనా?

హోస్పేట స్టేషనులో దిగి అచ్చటనే బస చేయుట మేలు. అచ్చటికి హంపీ సుమారు 13 కిలోమీటర్లు. నగరము శిథిలమైనను విరూపాక్షాలయమున నేటికిని నిత్యపూజలు జరుగుచున్నవి, తొలియుదయము అందులకే. పిమ్మట కృష్ణదేవరాయల కాలమున 1528లో మలచిన ఏకశిలా నరసింహమూర్తి. మిట్టమధ్యాహ్నము బండలు కాగును గనుక అప్పుడు తిరుగరాదు.

మా అత్తగారికి మోకాళ్లనొప్పి. అయినను ఆమెను ఇంట విడిచిపోవుటకు మనసొప్పదు. విఠ్ఠలాలయమునకు బ్యాటరీబండ్లు నడచుచున్నవి; శిలారథమును ఆమెయు చూడగలదు. మహానవమిదిబ్బ మెట్లు ఆమెవలన కావు. హజారరామాలయపు గోడలమీది రామకథను మాత్రము పిల్లలకు ఆమెయే చెప్పవలెను, మాకంత రాదు.

కంపరాయల దేవి గంగాదేవి సంస్కృతమున 'మధురావిజయము' రచించినది ఈ రాజవంశమువారి యింటి కోడలై యుండియే. రాయలను ఎరిగిన మన పిల్లలు ఆమె నెరుగరు. బయలుదేరుటకు ముందే ఆ కథ చెప్పెదము.

రెండవ రాత్రి బసకు కావలసిన సొమ్ము మేమిదివరకే కూడబెట్టి యుంచితిమి.