ఇరవైయొకటి ఆటకు కూర్చునే ముందు

తోట్లవల్లూరు నుంచి నా దగ్గరకు వచ్చే మధుమేహ రోగి ఒకాయన ఉన్నారు. పసుపు వ్యాపారం. మొన్న వచ్చి, "స్నేహితులతో గోవా వెళుతున్నానండీ, నాలుగు రోజులకు మందులు రాసివ్వండి" అన్నారు. పక్కనున్న భార్య ఊరుకోలేదు. "పోయినసారి పేకబల్ల దగ్గరే కళ్లు తిరిగి పడిపోయారండీ. ఆ సంగతి చెప్పరేం?" అన్నారావిడ.

ఆయన ఆడేది బ్లాక్‌జాక్. మన ఇరవైయొక్క ముక్కల రమ్మీ కాదిది. ముక్కల విలువ కూడితే 21 దాటకూడదు, పంచేవాడికంటే ఎక్కువ రావాలి. మన రాష్ట్రంలో జూదశాల నడపడం 1974 చట్టం ప్రకారం నేరం. గోవాలో మాత్రం మాండవి నదిలో ఓడల మీద లైసెన్సుతో నడుస్తాయి. వద్దంటే మానేవారు తక్కువ గనుక, వెళ్లేవారికే చెబుతున్నాను.

బల్ల ఎంచుకునేటప్పుడు కనీస పందెం ఒక్కటే చూడకండి. మొదటి రెండు ముక్కలకే 21 పడితే 500 రూపాయల పందేనికి కొన్ని బల్లల మీద 750 ఇస్తారు, కొన్నిటి మీద 600 మాత్రమే. అలాంటి ముక్కలు సుమారు 21 ఆటలకొకసారి పడతాయి. గంటకు 60 ఆటలైతే దాదాపు మూడుసార్లు. అంటే గంటకు 450 రూపాయల తేడా! జనం నిండిన బల్లే నయం, పంపకం నెమ్మదిగా సాగుతుంది. ఒంటరిగా కూర్చుంటే గంటకు 200 ఆటలు కూడా అయిపోతాయి. 'ఇన్సూరెన్సు' అనే పక్క పందెం జోలికి పోకండి. ఇన్ని చూసుకున్నా మొగ్గు జూదశాల వైపే.

ఇది జేబు సంగతి. ఇక ఒంటి సంగతికి వద్దాం. మా రోగి పొద్దున గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకున్నారు. ఆట వదల్లేక మధ్యాహ్నం భోజనం మానేశారు. ఖాళీ కడుపున రెండు పెగ్గులు విస్కీ తాగారు. మాత్ర చక్కెరను దించుతూ ఉంటుంది, కాలేయం చక్కెర విడుదల చేయకుండా మద్యం అడ్డుపడుతుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడదడలాడితే పందెం ఉద్వేగమనుకున్నారు పాపం. నిజానికి అది రక్తంలో చక్కెర పడిపోవడం. 70 కంటే తగ్గితే ప్రమాదమే.

అలాంటప్పుడు మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ తాగి, ఆ తర్వాత అన్నం తినాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంచేత భోజనాల వేళకు లేవగలిగే బల్ల దగ్గరే కూర్చోండి.

లేవలేకపోతున్నారా? పోయింది రాబట్టాలని అప్పు చేస్తున్నారా, ఇంట్లో దాస్తున్నారా? అది దురలవాటు మాత్రమే కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఉన్న వ్యాధి. చికిత్స ఉంది. టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మందుల చీటీ మీద "భోజనం లేకపోతే ఈ మాత్ర వద్దు" అని పెద్దక్షరాలతో రాసిచ్చాను. ఆయన చెయ్యి చాపేలోగా ఆవిడే అందుకున్నారు.