ముగ్గులో చతురస్రం

మా పాప మూడో తరగతి. మొన్న టెస్టు పేపరు తెచ్చి నా చేతిలో పెట్టి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఒక మూల మీద నిలబెట్టినట్టున్న బొమ్మ ఇచ్చి పేరు రాయమన్నారు. పాప 'చతురస్రం' అని రాసింది. దానిమీద ఎర్ర ఇంటూ కొట్టి, పక్కన 'డైమండ్' అని దిద్దారు.

అలా రాయడం నేర్పింది నేనే. అందుకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జామెట్రీ అంటే నాకు టెన్తులో తిన్న తొడపాశాలే గుర్తు. సిద్ధాంతాలు బట్టీపట్టి ఎలాగో గట్టెక్కి, ఇంటర్‌లో లెక్కల్లేని గ్రూపు వెతుక్కున్నదాన్ని. పాప కూడా "నాకు లెక్కలు రావులే" అనడం మొదలెట్టేసరికి భయమేసింది. నాకొచ్చిందల్లా ముగ్గులే. సరే, అక్కణ్ణించే మొదలెట్టాం.

చుక్క పెడితే బిందువు, కలిపితే గీత. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు దాకా పెట్టి, అంచులు కలపమన్నాను. ఆరు వైపులా నాలుగేసి చుక్కలతో షడ్భుజి వచ్చింది. మొత్తం ఎన్ని చుక్కలే అంటే వేలుపెట్టి లెక్కపెట్టి 37 అంది. ఇన్నేళ్లుగా ఆ ముగ్గు వేస్తున్నాను, ఒక్కసారీ లెక్కపెట్టలేదు సుమండీ!

మర్నాడు సరి చుక్కలు, అయిదు వరసలు. నాలుగంచుల్లో నడిమి చుక్కలు కలిపితే వాలుగా ఓ బొమ్మ తేలింది. "డైమండమ్మా" అంది. చెయ్యిపట్టి ముగ్గు మూలకి తీసుకెళ్లి, అక్కణ్ణించి చూడమన్నాను. తల వంచి కాసేపు చూసి, "చతురస్రమే!" అని అరిచింది.

1957లో వాన్ హీలె అనే డచ్చి ఉపాధ్యాయ దంపతులు తమ పరిశోధనల్లో ఈ సంగతే రాశారు. పిల్లలు మొదట బొమ్మను మొత్తం వాలకం చూసి గుర్తుపడతారట. భుజాలు, కోణాలు గమనించడం ఆ తర్వాతి మెట్టు. ఆ మెట్టెక్కడం వయసుకన్నా మనం నేర్పే తీరుమీదే ఎక్కువ ఆధారపడుతుందట.

ఇక అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వుట్యూబు ముక్కలు. అరవింద్ గుప్తాగారు దేశమంతా పిల్లలకు నేర్పిన ఆట ఇది. పుల్లల తలలు ముందే గీకెయ్యండి. మూడు పుల్లల త్రిభుజం ఎంత నొక్కినా ఒరగలేదు. నాలుగు పుల్లల చతురస్రం మాత్రం వేలు తగలగానే పక్కకి వాలిపోయింది. "ఇప్పుడూ చతురస్రమేనా?" అన్నాను. భుజాలు సమానమే మరి! పాప పోస్టుకార్డు తెచ్చి దాని మూలను ఇందులో ఇరికించబోయింది. పట్టలేదు. "మూలలు పాడయ్యాయమ్మా, ఇది కాదు" అంది. తిప్పిన చతురస్రం వేరు, నొక్కిన చతురస్రం వేరు అని నాకూ అప్పుడే తెలిసింది.

టెస్టు పేపరు మీద బొమ్మకీ అదే పోస్టుకార్డు పెట్టి చూశాను. నాలుగు మూలలూ అతికినట్టు సరిపోయాయి. భుజాలూ సమానమే. పేపరూ కార్డూ పట్టుకుని స్కూలుకెళితే టీచరుగారు చూసి, "నిజమేనండీ, కానీ పుస్తకంలో అలాగే ఉంది" అన్నారు. మార్కు మారలేదు.

"ఈసారి వస్తే ఏం రాయనమ్మా?" అనడిగింది పాప.

"చతురస్రమనే రాయి."

"మార్కు పోతుందేమోనే" అన్నారు అత్తయ్యగారు వత్తులు చేసుకుంటూ.

"ఒక్క మార్కే కదండీ" అన్నాను. పాప మా ఇద్దరి మొహాలూ చూసి, పోస్టుకార్డు తీసి జామెట్రీ బాక్సులో పెట్టుకుంది.