కాటా తూకం కంప్యూటరుకు అందనప్పుడు

ఎలక్ట్రానిక్ కాటా, వెన్న పరీక్ష యంత్రం, కంప్యూటరు కలిసి పనిచేసే సంఘాలలో సభ్యుడు పాలు పోయగానే తూకం, వెన్న శాతం, సొమ్ము చీటీ మీద అచ్చవుతాయి. ఒక్కొక్కప్పుడు కాటా మీద తూకం కనబడుతున్నా కంప్యూటరు తెర మీద సున్నాయే ఉంటుంది. వెనుక వరుస పెరుగుతుంటే, తొందరలో ఎవరో ఒకరు అంకె చేత్తో కొట్టేస్తారు. తగాదాలు మొదలయ్యేది అక్కడే. కనుక లోపం కనిపెట్టే పద్ధతి సభ్యులు కూడా తెలుసుకొని ఉండటం మంచిదని మా అభిప్రాయం.

కాటా తూచుతుంది, తీగ ఆ అంకెను మోస్తుంది, కంప్యూటరు అందుకొంటుంది. ఈ వరుసలోనే పరీక్షించాలి.

మొదట కాటా. దానిని సున్నాకు తెచ్చి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 కిలోల రాయి పెట్టాలి. సరిగ్గా 5 కిలోలు చూపకపోతే ఆ కాటాతో పాలు తూచరాదు. సీలు విప్పి స్వయంగా సరిచేయనూరాదు.

రెండవది తీగ. కరెంటు ఆపి, తీగ రెండు కొసలూ తీసి మళ్ళీ బిగించాలి. ఎలుకలు కొరికాయేమో చూడాలి. బాగున్న మరో తీగ తగిలిస్తే అనుమానం తీరుతుంది.

మూడవది కంప్యూటరు. ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి పాతకాలపు 9 పిన్నుల సీరియల్ పోర్టు లేనందున, కాటా తీగను యు.ఎస్.బి. కన్వర్టరు ద్వారా కలుపుతారు. గది ఊడ్చేటప్పుడు దానిని పీకి వేరొక సాకెట్టులో పెడితే, కంప్యూటరు దానికి కొత్త పోర్టు నంబరు ఇవ్వవచ్చు. నిన్న కామ్ 3 అయినది నేడు కామ్ 5 అవుతుంది. ప్రోగ్రాము మాత్రం 3 దగ్గరే ఎదురుచూస్తుంటుంది. పాత సాకెట్టులో పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ఆ సాకెట్టు పక్కన రంగుతో గుర్తు పెట్టుకోవాలి. డివైస్ మేనేజరులో పోర్టు పేరుమీద పసుపు గుర్తు ఉంటే డ్రైవరును అనుమానించాలి. అంకెలకు బదులు పిచ్చి గుర్తులు వస్తుంటే రెండు వైపులా వేగం కలవలేదేమో చూడాలి. కాటా 9600 వేగంతో పంపితే ప్రోగ్రాములోనూ 9600 ఉండాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేసి ఫలితం చూడాలి. రెండు కలిపి చేస్తే దేనివల్ల బాగయిందో తెలియదు. ఇంటి కంప్యూటరుకు తగిలించిన ప్రింటరు మొరాయించినా ఇదే క్రమం పనికివస్తుంది.

యంత్రం బాగయ్యేవరకు పాలు ఆగవు గదా. అంతవరకు కాటా మీది అంకెను సభ్యుని ఎదుట పైకి చదివి, పుస్తకంలో వ్రాసి, సంతకం తీసుకొని, చేతి చీటీ ఇవ్వాలి. కాటా కిలోలు చూపితే కిలోలనే వ్రాయాలి. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. 10 లీటర్లను 10 కిలోలని వ్రాస్తే సభ్యునికి 300 గ్రాముల నష్టం, 10 కిలోలను 10 లీటర్లని వ్రాస్తే సంఘానికి నష్టం.

తరువాత ఆ పుస్తకంలోని అంకెలనే కంప్యూటరుకు ఎక్కించాలి. సభ్యులు చేతి చీటీలు పారవేయక, బిల్లు వచ్చిన రోజున సరిచూచుకోవలెను.