మీకు తెలుసా? కెప్టెన్‌కి ఎదురుచెప్పాల్సిన వేళ

• విమానయాన చరిత్రలోకెల్లా ఘోర ప్రమాదం జరిగింది గాల్లో కాదు, నేల మీద! 1977 మార్చి 27న స్పెయిన్ దీవి టెనెరీఫ్‌లో, పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు జంబో జెట్ విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. అనుమతి రాకుండానే టేకాఫ్‌కి పరుగు తీసింది కేఎల్‌ఎమ్ విమానం. దాని కెప్టెన్ వాన్ జాంటెన్ ఆ సంస్థలో జంబో పైలట్ల శిక్షణకు పెద్దదిక్కు. ప్రకటనల్లో ఫొటో కూడా ఆయనదే. రన్‌వే చివర ఆయన ఒకసారి తొందరపడి ఇంజిన్ల జోరు పెంచితే, ఇంకా క్లియరెన్స్ రాలేదని కో-పైలట్ ఆపాడు. ఆ కో-పైలట్‌కి రెండు నెలల ముందు జంబో పరీక్ష పెట్టి పాస్ చేసింది ఈ కెప్టెనే! రెండోసారి ఆపడానికి నోరు రాలేదేమో. విమానం ఊపందుకున్నాక ఫ్లైట్ ఇంజినీర్ మాత్రం, ఎదుటి పాన్‌యామ్ విమానం ఇంకా రన్‌వే మీదే ఉందా అని అడిగాడు. తప్పుకుందన్నట్టు కెప్టెన్ గట్టిగా జవాబిచ్చాడు. మళ్లీ ఎవరూ అడగలేదు.

• 1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ మీద ఒక యునైటెడ్ విమానం దాదాపు గంటసేపు చక్కర్లు కొట్టింది. చక్రాలు సరిగా దిగాయో లేదోనని కెప్టెన్‌కి అనుమానం. ఇంధనం తగ్గుతోందని పక్కవాళ్లు చెబుతూనే ఉన్నారు, కానీ గట్టిగా కాదు. చివరికి ట్యాంకులు ఖాళీ అయి విమానం కూలింది, 10 మంది పోయారు. కాక్‌పిట్‌లో ఎలా మాట్లాడాలి, కెప్టెన్ ఎలా వినాలి అని పైలట్లకు నేర్పే శిక్షణ (సీఆర్‌ఎమ్) దీని తర్వాతే మొదలైంది. 1979లో నాసా దీనిమీద సదస్సు పెట్టింది, 1981లో యునైటెడ్ సంస్థే ముందుగా అమలుచేసింది.

• కెప్టెన్, కో-పైలట్ మామూలుగా వంతులవారీగా నడుపుతారు. అయినా 1978–90 మధ్య అమెరికాలో జరిగిన 37 పెద్ద ప్రమాదాలను అక్కడి రవాణా భద్రతా మండలి పరిశీలిస్తే, 80 శాతానికి పైగా ప్రమాదాల్లో విమానం కెప్టెన్ చేతిలోనే ఉంది! కో-పైలట్ తప్పుచేస్తే కెప్టెన్ క్షణంలో దిద్దుతాడు. కెప్టెన్‌ని దిద్దేదెవరు?

• 1989లో ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర కూలిన విమానంలో ఎడమ ఇంజిన్‌లోంచి నిప్పులు రావడం ప్రయాణికులు కిటికీల్లోంచి చూశారు. 'కుడి ఇంజిన్ ఆపేశాం' అని కెప్టెన్ మైకులో చెప్పడమూ విన్నారు. కాక్‌పిట్‌కి ఆ కబురు చేరవేసినవారు ఒక్కరూ లేరు. 47 మంది చనిపోయారు.

• మన దేశంలోనూ ఇదే కథ. 2010 మే 22న మంగళూరులో 158 మందిని బలిగొన్న విమానంలో, దారిలో చాలాసేపు నిద్రపోయిన కెప్టెన్‌కి కో-పైలట్ దిగవద్దని, మళ్లీ పైకి లేపమని మూడుసార్లు చెప్పాడు. 2020లో కోళికోడ్ ప్రమాదంలోనూ కో-పైలట్ 'గో అరౌండ్' (దిగకుండా మళ్లీ పైకి లేపండి) అన్నాడు. కెప్టెన్ వినలేదు, కో-పైలట్ కంట్రోల్స్ లాక్కోలేదు. 21 మంది పోయారు. పెద్దా చిన్నా తేడా మరీ ఎక్కువైందని దర్యాప్తు నివేదికే రాసింది.

• కెప్టెన్ పక్కవాళ్ల సాయం తీసుకుంటే కథ మారుతుంది. 1989 జూలైలో అమెరికాలో యునైటెడ్ 232 విమానానికి, దాన్ని అదుపుచేసే హైడ్రాలిక్స్ అన్నీ పోయాయి. ఇంజిన్ల జోరు పెంచి తగ్గించి నడపడమే మిగిలింది. ప్రయాణికుల మధ్య కూర్చున్న మరో పైలట్ డెన్నిస్ ఫిచ్ సాయానికొస్తే, కెప్టెన్ అల్ హేన్స్ ఇంజిన్ లివర్లు ఆయన చేతికే ఇచ్చేశాడు. విమానం స్యూ సిటీ రన్‌వే మీద ముక్కలైనా, 296 మందిలో 184 మంది బతికారు.