మోకాలు: కదలికలోని గుణదోషాలు

కోనసీమ అనగానే కొబ్బరితోటలు, కాలువగట్లు, పచ్చని వరిచేలు మన కన్నులకు కడతాయి. కాని ఆ సౌందర్యం వెనుక ఎందరి మోకాళ్ల శ్రమ దాగి ఉన్నదో మనం తరచుగా తలచుకోము. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో దింపు కార్మికుడు కొబ్బరిచెట్లు ఎక్కి దిగుతూనే జీవనం గడుపుతాడు. ఊడ్పుల కాలంలో స్త్రీలు బురదలో వంగి, వెనుకకు అడుగులు వేస్తూ నాట్లు వేస్తారు. పీటపై కూర్చుని పనిచేసుకునే తల్లికైనా, నమాజులో సజ్దా నుండి లేచే వృద్ధునికైనా ఆధారం మోకాలే. దాని విలువ అది మొరాయించిన నాడు గాని మనకు బోధపడదు.

మోకాలు నొచ్చగానే తైలం మర్దించడం, నొప్పి మాత్ర మింగడం, ఎక్స్‌రే తీయించుకోవడం పరిపాటి. ఎక్స్‌రే మిక్కిలి ఉపయోగకరమైనదే. కాని అది ఎముకల ఆకృతిని చూపుతుందే గాని, అవి పనిచేసే తీరును చూపదు. చిత్రంలో అరుగుదల కనిపించినా సుఖంగా నడిచేవారున్నారు. చిత్రం చక్కగా ఉన్నా మెట్టు దిగలేనివారున్నారు. కనుక కదులుతున్న మోకాలిని పరిశీలించడం కూడా అవసరం. అందుకు కావలసినవి ఒక కుర్చీ, ఒక మెట్టు, ఓపికగా చూసే రెండు కళ్లు మాత్రమే.

మన భాషలో తలుపు కీలుకూ, శరీరంలోని కీలుకూ ఒకటే మాట. మోకాలు ప్రధానంగా తలుపు కీలువలె ముడుచుకుంటుంది, చాచుకుంటుంది. తలుపు కుంగితే లోపం కీలులోనే ఉండనక్కరలేదు. ద్వారబంధం ఒరిగి ఉండవచ్చు. మోకాలికి పైన తుంటి, క్రింద పాదం ఉన్నాయి. పిరుదుల కండరాలు బలహీనమైతే తొడ లోపలికి తిరుగుతుంది. అరికాలు చదునుగా కుంగితే పిక్క దానివెంట లోపలికి పోతుంది. ఈ రెంటి నడుమ మోకాలు రెండవ కాలివైపు ఒరుగుతుంది. పరీక్షలో ప్రధానంగా గమనించవలసినది ఈ ఒరుగుటనే.

మొదటి పరీక్ష కుర్చీ పరీక్ష. సుమారు 17 అంగుళాల ఎత్తుగల, చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి ఉంచాలి. చేతులను ఛాతీపై అడ్డంగా పెట్టుకొని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కించాలి. 60 నుండి 64 ఏళ్ల వయస్సులో పురుషులు 14 కన్న, స్త్రీలు 12 కన్న తక్కువసార్లు లేస్తే సగటుకు దిగువ అని భావిస్తారు. సంఖ్యతోబాటు తీరునూ చూడాలి: బరువంతా ఒకే కాలిపై వేస్తున్నారా? లేచేటప్పుడు మోకాళ్లు ఒకదానినొకటి తాకబోతున్నాయా?

రెండవది మెట్టు పరీక్ష. జానెడుకు కొంచెం తక్కువగా, అనగా సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తుగల అరుగు మెట్టు చాలు. చేతులు నడుముపై ఉంచి, పరీక్షించవలసిన కాలిపై మెట్టు అంచున నిలబడాలి. ఆ మోకాలిని మెల్లగా వంచుతూ, రెండవ కాలి మడమను నేలకు తాకీ తాకనట్లు ఆనించి, తిరిగి లేవాలి. ఇట్లు 5 సార్లు చేయాలి. ఎదుట నిలిచినవారు అయిదు విషయాలు గమనించాలి. చేతులు నడుమును విడిచాయా? మొండెం ప్రక్కకు వాలిందా? కటిభాగం ఒకవైపు జారిందా? నిలిచిన కాలు తూలిందా? ఈ నాలుగింటికి ఒక్కొక్క మార్కు. మోకాలిచిప్పకు క్రిందనున్న ఎముక బొడిపె పాదపు రెండవ వ్రేలికి లోపలగా పోతే ఒక మార్కు, పాదపు లోపలి అంచును కూడా దాటితే రెండు. మొత్తం 0 లేక 1 అయితే కదలిక మంచిది. 2, 3 అయితే మధ్యమం. 4, అంతకు మించితే లోపభూయిష్ఠం. మన పరీక్షలకు భిన్నంగా, ఇక్కడ మార్కులు తగ్గినకొద్దీ గౌరవం!

ఒక భేదాన్ని మరువరాదు. నిశ్చలంగా నిలిచినపుడే మోకాళ్లు కలిసిపోయి ఉంటే అది ఎముకల వంకర కావచ్చు. ఫ్లోరైడు పీడిత ప్రాంతాలలో ఇట్టి మోకాళ్ల వంకరను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో వెల్లడించారు. అది వ్యాయామంతో సరిపడేది కాదు. నిలిచినపుడు చక్కగా ఉండి, వంగినపుడు మాత్రమే లోపలికి ఒరిగే మోకాలి విషయం వేరు. కండరాల శిక్షణతో అది మెరుగుపడే అవకాశం ఎక్కువ.

ఈ పరీక్షలకు హద్దులున్నాయి. 2005లో అమెరికాలో 205 మంది క్రీడాకారిణులపై జరిగిన పరిశోధనలో, దూకి నేలను తాకేటప్పుడు మోకాలు లోపలికి ఒరిగినవారికి తరువాత గాయాలయ్యే ప్రమాదం ఎక్కువని తేలింది. కాని 2016లో నార్వేలో 700 మందికి పైగా క్రీడాకారిణులపై జరిగిన పరిశోధన, దూకే పరీక్షతో గాయాన్ని ముందుగా చెప్పలేమని తేల్చింది. కాబట్టి ఇవి జోస్యాలు కావు. ఎక్కడ బలం తగ్గినదో సూచించి, శిక్షణ ఇచ్చిన తరువాత ఎంత మెరుగుపడినదో కొలిచే సాధనాలు మాత్రమే.

మోకాలు వాచి వేడెక్కినా, జ్వరంతో నొచ్చినా, ముడుచుకొని బిగిసిపోయినా, దెబ్బ తగిలి కాలు మోపలేకపోయినా పరీక్షలు మాని వెంటనే వైద్యుని దర్శించాలి. వృద్ధులను పరీక్షించేటప్పుడు ప్రక్కన ఒకరు తప్పక నిలబడాలి. లోపం కనిపిస్తే ఫిజియోథెరపిస్టు సలహాతో తొడ, పిరుదుల కండరాలకు వ్యాయామం ప్రారంభించి, కొన్ని వారాల తరువాత అదే మెట్టుపై మళ్లీ పరీక్షించుకోవాలి. అరిగిన మోకాలికి సైతం తగిన వ్యాయామం ప్రధాన చికిత్సలలో ఒకటని నేటి వైద్యశాస్త్రం చెబుతున్నది.

విద్యార్థి మిత్రులారా! సెలవులలో ఇంటికి వెళ్లినపుడు, అరుగు దిగుతున్న అమ్మ మోకాలిని ఒక్క నిమిషం గమనించండి. ఆమె గోడ పట్టుకొని దిగడం కేవలం వయసు మహిమ అని సరిపెట్టుకోకండి. నొప్పిని గూర్చి ఆమె నోరు విప్పకపోవచ్చు. ఆమె నడక మాత్రం చెబుతూనే ఉంటుంది. దానిని చదవగలగడం కూడా ఒక విద్యయే.